ఆకు తిరగేసి చూడండి

బొమ్మలన్నీ వచ్చేశాయని సోమవారం పొద్దున మొక్కలక్క సంబరపడింది. పదకొండు కాకముందే ఒక్కటీ రాలేదని తేలింది.

నర్సరీ షెడ్డులో ఎరువు బస్తాలకీ మందు కొట్టే పంపులకీ మధ్య ఒక బల్ల, దాని మీద ఒక పాత కంప్యూటరు. పొద్దుటి నుంచీ సంచుల్లో మట్టి నింపిన చేతులతోనే వచ్చి దాని ముందు స్టూలు మీద కూర్చుందామె. చూపుడు వేలు ఒక్కదాన్నే గుడ్డకి తుడుచుకుని దాంతోనే మౌసు నొక్కుతోంది. తెర మీద బ్లాగు నిక్షేపంగా కనపడుతోంది. నిమ్మాకు మీద గజ్జి, జామాకు మీద తుప్పు మచ్చలు, గులాబీ మొగ్గకి పట్టిన బూజు, ఎక్కడివక్కడే ఉన్నాయి.

"వచ్చేశాయే! ఒక్కటి కూడా పోలేదు," అంది ఫోన్లో ఆడపడుచుతో.

ఆడపడుచు ప్రింటింగు ప్రెస్సులో డిజైన్లు చేస్తుంది. కంప్యూటరు విషయంలో ఆ ఇంటికి ఆవిడ మాటే మాట.

"సంబరం ఆపు వదినా. ఏదో ఒక బొమ్మ మీద కుడి పక్క మీట నొక్కి, దాని అడ్రసు చదువు."

మొక్కలక్క ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది.

"చూశావా, అది పాతింటి అడ్రసు. కొత్తింటికి నీ రాత ఒక్కటే వచ్చింది. బొమ్మలు ఇంకా పాతింటి గోడకే వేలాడుతున్నాయి. నువ్వు ఇక్కడ కూర్చుని కిటికీలోంచి వాటిని చూసి మురిసిపోతున్నావు."

"ఎక్కణ్ణుంచి చూస్తే ఏంటి, కనపడుతున్నాయి కదా?"

"పాతిల్లు ఉంది కాబట్టి కనపడుతున్నాయి. నెలాఖరుకి దాన్ని పడగొడుతున్నారుగా. ఉండు, ఒక్క ముక్క మార్చి చూపిస్తా. గుండె గట్టి చేసుకో."

ఆవిడ అక్కణ్ణుంచే ఏం నొక్కిందో గానీ, మొక్కలక్క పేజీని మళ్ళీ తెరిచేసరికి బొమ్మలున్న చోటల్లా బూడిదరంగు గడులు మిగిలాయి. ప్రతి గడి కిందా ఆమె రాసిన మాటలు మాత్రం ఉన్నాయి. 'పై బొమ్మలో చూడండి, మచ్చ చుట్టూ పసుపు వలయం ఉంటుంది.' పై బొమ్మలో ఏమీ లేదు.

ఆమె ఇంకోసారి పేజీ తెరిచింది, అవే గడులు. తొమ్మిదేళ్ళ బ్లాగు అది. ఏ మొక్కకి ఏ తెగులొస్తే ఆకు ఎలా మారుతుందో ఫొటో తీసి, కింద నాలుగు ముక్కలు రాసి పెడుతుంది. చదివేవాళ్ళకి రాతతో పెద్ద పని లేదు. తోటలో నిలబడి, ఒక చేత్తో ఆకు, ఒక చేత్తో ఫోను పట్టుకుని, రెంటినీ పక్కపక్కన పెట్టి చూసుకుంటారు. బొమ్మ పోతే ఆ బ్లాగు పెదవులు కదుపుతూ మాట రాని మనిషిలాగా ఉంటుంది. ఇన్నాళ్ళూ దానికి చోటిచ్చిన కంపెనీ ఈ నెలాఖరుతో మూసేస్తున్నామని ఉత్తరం పంపింది. మూడు ఉత్తరాలు పంపిందట. మొదటి రెండూ మొక్కలక్క ప్రకటనలనుకుని తీసిపారేసింది.

"ఏడవకు వదినా. పాత చోట బొమ్మలన్నీ ఒక అరలో ఉంటాయి. అందులోంచి దింపుకుని కొత్త అరలో సర్దడమే. నేను దారి తీసిపెడతా, మోత నీది."

అర తెరిచి చూస్తే మళ్ళీ తల తిరిగింది. ఒక్క నిమ్మాకు బొమ్మే ఐదు సైజుల్లో ఉంది.

"ఇంతమంది పిల్లలేంటే దీనికి?"

"అవి నువ్వు కన్నవి కావులే. పేజీకి ఒకటి, ఫోనుకి ఒకటి అని పాత బ్లాగు తనంతట తనే చెక్కిన ముక్కలు. వాటిని వదిలెయ్. అన్నిటికంటే పెద్దది ఉంటుంది చూడు, నువ్వు ఫోనుతో తీసింది తీసినట్టు, దాన్ని తీసుకుంటే చాలు."

మధ్యాహ్నానికి ఇంకో చిక్కు. తెర మీద పాతదీ కొత్తదీ రెండూ తెరిచి ఉంటే అచ్చం కవల పిల్లల్లా ఉన్నాయి. ఏది ఏదో తెలియక ఆమె మడుల్లో గుచ్చే తెల్ల ప్లాస్టిక్కు పుల్లలు రెండు తెచ్చి, ఒకదాని మీద 'పాత', ఒకదాని మీద 'కొత్త' అని రాసి తెరకి అటొకటీ ఇటొకటీ అంటించింది. మొక్కలైతే గుచ్చిన పుల్ల దగ్గరే ఉంటాయి. కిటికీలు ఉండవు కదా. ఏదో నొక్కగానే కొత్తది ఎడమకి పోయింది, పాతది కుడికి వచ్చింది. పుల్లని నమ్ముకుని ఆమె, దింపేసుకున్నవి ఇక అక్కర్లేదని, పాత దాంట్లోంచి అనుకుంటూ కొత్త దాంట్లోంచి అరవై బొమ్మలు తుడిచేసింది.

ట్యాంకరు ఆపి అన్నం తినడానికి వచ్చిన భర్త ఆ తంతు చూసి, "అంటు తలకిందులుగా కట్టావా ఏంటి?" అన్నాడు.

"నీళ్ళు మోసుకునేవాడివి, నీకేం తెలుసు."

"తెలియకే అడుగుతున్నా. ఇంట్లో సామాను సర్దమంటే నడుం నొప్పి అంటావు. లేని ఇంట్లోంచి లేని ఇంటికి, పొద్దుటి నుంచీ లేని సామాను మోస్తున్నావు."

ఆమె పుల్లలు పీకి అతని మీదకి విసిరింది.

మంగళవారానికి పని చేతికి అలవాటైంది. పాత అరలోంచి ఇరవై ఇరవై బొమ్మలు దింపుకోవడం, కొత్త అరలోకి ఎక్కించడం, పేజీ తెరిచి సరిగ్గా కూర్చున్నాయో లేదో చూడటం. ఎక్కేలోపు లేచివెళ్ళి రెండు వరసలకి నీళ్ళు పెట్టి రావడం. అప్పుడు ఒక వింత గమనించింది. బొమ్మలు తనవే, కానీ తను ఎప్పుడూ చూడనట్టున్నాయి.

పాత బ్లాగు ప్రతి బొమ్మనీ చుట్టూ కత్తిరించి, మధ్యలో ఆకు మాత్రమే ఉండేలా చదరంగా చూపించేది. కొత్తది అలా కాదు, ఉన్నది ఉన్నట్టు చూపిస్తోంది. ఇన్నేళ్ళూ కనపడని అంచులన్నీ బయటపడ్డాయి. ఒక దాంట్లో ఆమె చెప్పు. ఒక దాంట్లో గొట్టం పట్టుకుని ఆవలిస్తున్న భర్త. ఇంకో దాంట్లో మడిలోకి దూరిన పక్కింటి కోడి, దాన్ని అదిలిస్తున్న తన చెయ్యి. ఆమె ఒక్కో బొమ్మనీ పెద్దది చేసి నవ్వుకుంటూ చూసింది. ఆకు మీద మచ్చని మర్చిపోయి అంచులనే చూడటం మొదలుపెట్టింది.

అలా చూస్తుండగా మూడేళ్ళ కిందటి పేజీ వచ్చింది. పేరు 'ఆకు తిరగేసి చూడండి'.

ఆమె బ్లాగులో జనం అంతగా చదివిన పేజీ ఇంకొకటి లేదు. 'కాలవ అవతల నర్సరీలో నిమ్మ కొనేవాళ్ళు ఆకు తిరగేసి చూసుకోండి. ఒక రైతు అక్కడ కొన్న మొక్క నా దగ్గరకి తెచ్చాడు. దాని మీదున్నది గజ్జి తెగులు. ఇది ఒక్క మొక్కతో పోయేది కాదు, తోటంతా పాకుతుంది.' పైన ఆకు బొమ్మ. గోధుమరంగులో లేచిన బొడిపెలు, చుట్టూ పసుపు. అనుమానానికి తావులేని గజ్జి. కాలవ అవతల ఉన్నది ఒకే నర్సరీ కాబట్టి పేరు రాయాల్సిన పని లేకపోయింది.

ఇప్పుడు ఆ బొమ్మ అంచులతో సహా తెర మీదుంది. ఆకు పక్కన మట్టిలో గుచ్చిన తెల్ల పుల్ల. పుల్ల మీద నల్ల సిరాతో, తన చేతిరాతతో, 'మూడో మడి'.

మొక్కలక్క కళ్ళు నులుముకుంది. బొమ్మని ఇంకా పెద్దది చేసింది. 'మూ' పక్కన సిరా కొంచెం కారింది. కారినా తన రాత తనకి తెలియదా.

ఆమెకో పద్ధతి ఉంది. తన మడిలో ఆకుకి ఫొటో తీస్తే మడి పుల్ల కూడా పడేట్టు తీస్తుంది. ఎవరైనా తెచ్చిన ఆకైతే పేపరు పరిచి దాని మీద పెట్టి తీస్తుంది. గబగబా అరలో ముందూ వెనకా వెతికింది. అదే రోజువి ఏడు బొమ్మలున్నాయి. అందులో రెండు పేపరు మీద పెట్టిన ఆకువి. దాని మీద వెండి గీతలు మెలికలు తిరిగి ఉన్నాయి. పాము పొడ. చిన్న పురుగు ఆకు పొరలో పాకిన జాడ అది. రెండు సార్లు మందు కొడితే పోతుంది. దానికెవరూ మొక్క పీకరు.

రైతు తెచ్చిన ఆకుకి పాము పొడ. గజ్జి తన మూడో మడిలోది.

ఆ వారమే ఆ మడిలో నలభై మొక్కలు పీకి వెనక గుంటలో కాల్చిన సంగతి ఆమెకి గుర్తుంది. కాలవ మీదుగా వాన జల్లుకి ఎగిరొచ్చిందనే అనుకుంది. అవతలి వాళ్ళ నిర్లక్ష్యానికి తన మొక్కలు పోయాయన్న మంటలోనే ఆ పేజీ రాసింది. ఏ ఫొటో ఏదో చూసుకోకుండా, కసి కొద్దీ, బాగా కనపడే మచ్చని ఎంచి పెట్టింది. తన మడి సంగతి మాత్రం ఎక్కడా రాయలేదు.

ఆడపడుచుకి ఫోను చేసింది.

"వదినా, అరవై మూడు బొమ్మలు ఎక్కలేదని లెక్క చూపిస్తోంది. పాడైపోయినట్టున్నాయి. పోయినవాటితో పాటు ఇంకోటి పోతే అడిగేదెవరు?" అంది ఆడపడుచు అంతా విని. "ఇల్లు మారినప్పుడు నాలుగు గిన్నెలు పోవా ఏంటి?"

"పోయిందంటే పోతుందా అది?"

"నా మాట విను. పేజీతో సహా తీసెయ్. మూడేళ్ళయింది, ఆయన కూడా మర్చిపోయుంటాడు."

సాయంత్రం భర్త కూడా అదే అన్నాడు, ఇంకాస్త మెల్లగా. "ఇప్పుడు కదిపితే, అప్పుడు తప్పు రాసిందట అని నీ రాతలన్నీ అనుమానిస్తారు. మిగతావి నిజమే కదా?"

నిజమేనా? ఆమెకి తెలియలేదు. మిగతా బొమ్మలన్నీ మళ్ళీ తెరిచింది. పుల్ల ఉన్నవీ, పేపరు ఉన్నవీ చీకటి పడేదాకా ఒక్కొక్కటే రాతతో సరిచూసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తప్పు ఒక్కచోటే జరిగింది. మనసు కుదుటపడాల్సింది పోయి, ఒక్కచోటే ఎందుకు జరిగిందన్న ప్రశ్న తొలచడం మొదలుపెట్టింది. వేరే ఎవరి సంగతైనా అయితే ఇంకోసారి చూసుకునేదేమో. ఆ ఏడాది చుట్టుపక్కల నిమ్మ వేసినవాళ్ళందరూ తన దగ్గరే మొక్కలు కొన్నారు. అవతలి నర్సరీలో నిమ్మ అన్నదే కనపడకుండా పోయింది. ఆ దారిన పోయినప్పుడల్లా ఖాళీ మడులు చూసి, నలుగురికీ మేలు చేశాననుకుంది.

బుధవారం పొద్దున ఆమె ఆ పేజీని తుడవలేదు. బొమ్మ కింద ఇలా చేర్చింది. 'ఈ బొమ్మలోని ఆకు కాలవ అవతలి నర్సరీది కాదు. నాది, నా మూడో మడిలోది. అంచున పుల్ల చూడండి. రైతు తెచ్చిన ఆకు కింద వేరే పెడుతున్నాను, దానికి గజ్జి లేదు. ఆ నర్సరీ మీద నేను వేసిన నింద అబద్ధం. చూసుకోకుండా రాశాను.' నాలుగు సార్లు చదివి, మార్చడానికేమీ దొరక్క, అలాగే వదిలేసింది.

పదింటికి ఆడపడుచు ఫోను చేసి, "బ్లాగు పేరుని కొత్తింటికి తిప్పేశా. ఇక ఎవరు ఆ పేరు కొట్టినా నేరుగా కొత్తింటికే వస్తారు. గృహప్రవేశం అయిపోయింది, మిఠాయి పంపు," అంది.

మొక్కలక్క తన ఫోనులో పేరు కొట్టి చూసింది. కొత్తదే వచ్చింది. బొమ్మ ఉంది, కింద తన ఒప్పుకోలూ ఉంది. చెప్పులేసుకుని కాలవ వంతెన వైపు నడిచింది.

అవతలి నర్సరీ ఆయన్ని అందరూ అంటు బాబాయి అంటారు. చుట్టమేమీ కాదు. అంటు కట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి కాబట్టి ఆ పేరు. ఆమె వెళ్ళేసరికి ఆయన చెట్టు నీడన పీట మీద కూర్చుని గులాబీ కొమ్మల ముళ్ళు గిల్లుతున్నాడు. పక్కన ఆయన భార్య మట్టి జల్లిస్తోంది. జల్లెడ ఆపకుండానే తలెత్తి చూసింది.

"ఏమ్మా, ఇంకేదైనా ఆకు ఫొటో కావాలా?"

"అది కాదు పిన్నీ. బాబాయితో ఒక మాట చెప్పాలి."

"చెప్పు. రాసేకంటే చెప్పడం నయం. మేం కూడా వింటాం."

మొక్కలక్క నిలబడే చెప్పింది. దారిలో కూర్చుకున్న వరసేదీ నోటికి రాలేదు. కత్తిరింపు, అంచు, పుల్ల, పాత ఇల్లు, కొత్త ఇల్లు, అన్నీ కలగాపులగం అయ్యాయి. చివరికి, "ఆ గజ్జి నాది బాబాయ్. మీది కాదు. తప్పు రాశాను. దిద్ది ఇప్పుడే పెట్టాను, మీరే చూడండి," అంది.

జల్లెడ ఆగిపోయింది. ఆయన ముల్లు గిల్లడం ఆపలేదు. చేతిలో కొమ్మ పూర్తిచేసి, పక్కన పెట్టి, జేబులోంచి ఫోను తీశాడు. వెతుక్కోకుండా, అడగకుండా, రెండు నొక్కుల్లో బ్లాగు తెరిచాడు.

"మీరు చదువుతారా?" అంది ఆమె.

"రాసిన రోజే చదువుతా," అన్నాడు.

ఫోనుని చెయ్యి చాచినంత దూరం పెట్టి, దగ్గరకి తెచ్చి, మళ్ళీ దూరం పెట్టి చూశాడు. వేలితో పైకి కిందికి జరిపాడు.

"ఉన్నదే ఉందమ్మా. అవతల నర్సరీలో నిమ్మ కొనేవాళ్ళు, అనే ఉంది."

"దాని కింద చూడండి. బొమ్మ కింద."

"కింద ఏం లేదు."

"ఉంది బాబాయ్. నేనే రాశాను. నిదానంగా చూడండి, కనపడుతుంది."

ఆయన కళ్ళద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. ఫోను మీదకి వంగాడు.

"అయి ఉంటుంది. నాకే ఆనడం లేదు," అన్నాడు మెల్లగా. "ఆ నిమ్మప్పటి నుంచీ ఇంతే."

"ఏ నిమ్మప్పుడు?"

జవాబు ఆయన భార్య చెప్పింది. "ఏ నిమ్మేంటి? నువ్వు రాసిన నిమ్మే. నీ ఫొటో చూసి, రెండు రోజులు మడుల్లో పడి ఒక్కో ఆకూ తిరగేశాడు. ఒక్క చుక్క కనపడలేదు. కనపడలేదు కాబట్టి లేదనుకోవచ్చుగా? లేదు, మొక్కలమ్మాయి ఊరికే రాయదు, నా కళ్ళు పోయాయి అన్నాడు. మూడో రోజు మడులన్నీ పీకించి కాల్చాడు. తల్లిచెట్టుని కూడా నరికించాడు."

"కొనేవాళ్ళు రావడం మానేశారు కాబట్టి..." అంది మొక్కలక్క.

"ఎవరు మానేశారు? మంట పెట్టిన రోజు కూడా మొక్కలు ఇమ్మని ఇద్దరొచ్చి నిలబడ్డారు. తెగులు మొక్క ఒకరి తోటకి పంపనని ఈయనే వెనక్కి పంపాడు. తర్వాత రెండు సార్లు అద్దాలు మార్చాం. కళ్ళ డాక్టరు, పెద్దాయనా మీ కళ్ళు నా కళ్ళకంటే బాగున్నాయి అంటాడు. ఈయన నమ్మడు. సన్నగా మొగ్గ చెక్కి కట్టే కన్ను అంటు మానేశాడు. ముళ్ళు గిల్లుతూ కూర్చుంటాడు, ముళ్ళైతే చేతికి తెలుస్తాయని."

మొక్కలక్క ఆయన పరువు తీశాననుకుని వచ్చింది. దానికి ఏదో ఒకటి చెప్పుకోగలననుకుంది. ఇది ఆమె లెక్కలో లేదు.

ఆయన మాత్రం ఇంకా ఫోనుతోనే కుస్తీ పడుతున్నాడు. "ఏదమ్మా, ఎక్కడ రాశావో వేలు పెట్టి చూపించు. అంత చిన్న అక్షరాలా?"

ఆమె పీట పక్కన కూర్చుని ఫోను అందుకుంది. బొమ్మ చదరంగా ఉంది. అంచు లేదు, పుల్ల లేదు. బొమ్మ కింద మూడేళ్ళ నాటి మాటలు, వాటి కింద ఖాళీ. తన ఫోను తీసి అదే పేరు కొట్టింది. అందులో అంచూ ఉంది, పుల్లా ఉంది, ఒప్పుకోలూ ఉంది. ఆమె రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి, అటూ ఇటూ చూసి, ఆయన దాన్ని మళ్ళీ తెరిచింది. మళ్ళీ పాతదే. పేరులో ఏదైనా తేడా ఉందేమోనని ఒక్కో అక్షరం పోల్చింది. తేడా లేదు.

ఆడపడుచుకి ఫోను చేస్తే, అవతల ప్రెస్సు మిషను చప్పుడులో అరిచినట్టు చెప్పింది. "అది మామూలే వదినా! ఇల్లు మారామని ఊరందరికీ ఒకేసారి తెలియదు కదా. కొందరి ఫోన్లకి వెంటనే తెలుస్తుంది. కొందరివి రెండు రోజులు పాత గుమ్మం దగ్గరికే తీసుకుపోతాయి. అక్కడ పాతదే ఉంటుంది. నేను చెప్పలేదూ?"

"చెప్పలేదు."

"ఇప్పుడు చెప్పాగా."

మొక్కలక్క ఫోను పెట్టేసింది. ఆయన ఆమె మొహం వంకే చూస్తున్నాడు. కనపడుతుంది, నిదానంగా చూడండి అని ఇంతకుముందే తను అన్న మాట ఆమెకి చెంప మీద కొట్టినట్టు తిరిగి తగిలింది.

"లేదు బాబాయ్," అంది. "మీ ఫోన్లో లేదు. మీరు చూసిందే సరి. నేనే చూడకుండా ఉందన్నాను."

"లేదా?"

"లేదు. నా దాంట్లో ఉంది, మీ దాంట్లో ఇంకా రాలేదు. రెండు రోజులు పడుతుందట."

ఆయన రెండు ఫోన్లూ చేతుల్లోకి తీసుకుని తూచినట్టు పట్టుకున్నాడు. "పేరొకటే. మనిషివి నువ్వొక్కదానివే. దీంట్లో గజ్జి నాది, దాంట్లో నీది." తల అడ్డంగా ఊపాడు. "సరే, ఇదేదో నాకు అర్థమయ్యేది కాదు. ఒక్కటి చెప్పు. ఆ రెండు రోజులూ నేను నా మడుల్లో చూసినప్పుడు, చుక్క లేదంటే..."

"లేదు బాబాయ్."

"ఉండి నాకు కనపడకపోవడం కాదు."

"కాదు. లేదు."

ఆయన కళ్ళద్దాలు తీసి పీట మీద పెట్టి, లేచి, మడుల వైపు పోయాడు. అటు నిమ్మ లేదు. ఊరికే నిలబడ్డాడు.

పిన్ని జల్లెడ మళ్ళీ అందుకుంది. "పో అమ్మా, పనులుంటాయి," అంది. తిట్టినా బాగుండేదని మొక్కలక్కకి అనిపించింది.

గురువారమంతా ఎవరెవరో ఫోన్లు చేశారు. కొందరికి కొత్తది కనపడుతోంది, కొందరికి పాతది. కొత్తది చూసినవాళ్ళు, ఏంటక్కా ఇలా రాశావు అన్నారు. పాతది చూసినవాళ్ళు, ఏం రాశావని జనం అంత గొడవ చేస్తున్నారు, మాకేం తేడా కనపడటం లేదే అన్నారు. పాత పేజీ కింద ఒకాయన, మీరు చెప్పినట్టే మొక్కలు పీకేశాను అని రాశాడని ఒకరు చెప్పారు. ఎవరో, ఎక్కడో, ఏ ఆకు చూసో. కొత్త పేజీలో ఆ మాట లేదు. ఆయనకి జవాబు ఎలా రాయాలో తెలియక ఆమె ఆడపడుచుని పోరి, పాత ఇంటి వెనక తలుపు తీయించుకుని, అక్కడ కూడా అదే ఒప్పుకోలు రాసింది. నెలాఖరుకి కూలిపోయే గోడ మీద రాయడమెందుకని ఆడపడుచు నవ్వింది. మొక్కలక్క నవ్వలేదు.

శుక్రవారం పొద్దున ఆమె నిమ్మ మడుల్లో కలుపు తీస్తుండగా అంటు బాబాయి వచ్చాడు. వంతెన దాటి ఆయన ఇటు రావడం మూడేళ్ళలో ఇదే. కళ్ళద్దాలు లేవు. ఆమెనీ, ట్యాంకరుకి గొట్టం బిగిస్తున్న ఆమె భర్తనీ చూసి తల ఊపాడు. తిన్నగా మొదటి మడిలోకి పోయాడు.

వరస వెంట వరస నడుస్తూ, రెండు వేళ్ళతో కొమ్మ చివర పట్టుకుని, ఆకు తిరగేసి, వదిలేస్తున్నాడు. చూస్తున్నాడో లేదో తెలియనంత వేగంగా. మొక్కలక్క లేచి, చేతిలో కలుపుతోనే, నాలుగడుగుల వెనక నడిచింది. మొదటి మడి అయింది. రెండోది అయింది. మూడో మడి మధ్యలో ఆయన ఆగాడు.

"ఇది," అన్నాడు.

ఆమె వంగి చూసింది. మొక్క ఏపుగా, నవనవలాడుతూ ఉంది. వారంలో రైతులకి వెళ్ళాల్సిన వరస అది.

"ఏముంది బాబాయ్?"

"చుక్క పడుతోంది."

"ఎక్కడ?"

"కింద పక్క. ఈనె పక్కన. ఇంకా లేవలేదు, లేస్తుంది."

ఆమె ఆకుని ఎండకి అడ్డంగా పెట్టి చూసింది. అడుగు పక్క చూసింది. తడి గుడ్డతో తుడిచి చూసింది. పచ్చదనం తప్ప ఏమీ కనపడలేదు. భర్త కూడా వచ్చి ఆమె భుజం మీదుగా తొంగిచూశాడు.

"నాకూ ఏం కనపడలేదు పెద్దాయనా," అన్నాడు. ఆమె వైపు తిరిగి, "ఫొటో తీసి పెద్దది చేసి చూడు, తేలిపోతుంది," అన్నాడు.

మొక్కలక్క చెయ్యి జేబు దాకా పోయింది. ఆయన మొహంలోకి చూసింది. నిజంగా కనపడి అంటున్నాడో, తనని ఆడిస్తున్నాడో, మూడేళ్ళు ఆయన పడ్డది తననీ ఒక్క పూట పడమంటున్నాడో, ఆ మొహంలో ఏమీ రాసిలేదు. కోపం లేదు. గెలుపూ లేదు. ఎండకి కళ్ళు కొంచెం చికిలించి, ఆకు వైపే చూస్తున్నాడు.

"నాకు కనపడటం లేదు బాబాయ్," అంది.

"ఊఁ," అన్నాడాయన.

ఆమె చెయ్యి జేబు దగ్గర్నుంచి వెనక్కి తీసుకుంది. కలుపు పక్కన పడేసి, మొక్క మొదలు పట్టుకుని, సంచిలోంచి వేళ్ళతో సహా లాగేసింది. తడిమట్టి కాళ్ళ మీద రాలింది.

ఆయన అప్పటికే ముందుకు నడిచి, పక్క మొక్క ఆకు తిరగేసి వదిలాడు. దాని పక్కది తిరగేశాడు. వదల్లేదు.

"ఇదీ," అన్నాడు.

ఈసారి ఆమె వంగి చూడలేదు.